చదరంగం గళ్ల లెక్క: 20 అంకెల సంఖ్యను కాగితం మీద పూర్తిగా విప్పడం ఎలా?

18446744073709551615.

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64వ గడి దాకా రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం ఇది. రాజుగారు నవ్వుతూ సరేనన్న కథ మనలో చాలామంది చిన్నప్పుడు విన్నదే. కిలోకు 50,000 గింజలు అనుకుంటే మొత్తం బరువు 36,893 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏటా పండిస్తున్న బియ్యం ఏ 50 కోట్ల టన్నులో, అంతకు కొంచెం ఎక్కువో. అంటే ఈ బాకీ తీరడానికి దాదాపు 700 ఏళ్లు పడుతుంది.

కథ సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం అసలు సంగతి ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. ఈ సంఖ్య ఏయే ప్రధాన సంఖ్యల లబ్ధం? దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎన్ని ఉన్నాయి? మనం వేసిన 20 అంకెల్లో ఒక్కటీ తప్పు పడలేదని ఎలా తెలుసుకోవాలి? ఇవన్నీ కంప్యూటర్ లేకుండానే ఒక ఆదివారం మధ్యాహ్నంలో తేల్చేయొచ్చు. తొమ్మిదో తరగతి లెక్కలు వస్తే చాలు.

ముందుగా ఒక భయం తీసేస్తాను. కారణాంకాల కోసం 2, 3, 5, 7 అంటూ వరసగా భాగించుకుంటూ పోతే వర్గమూలం దాకా వెళ్లాలి. దీని వర్గమూలం దాదాపు 429 కోట్లు కాబట్టి ఆ దారిలో జీవితకాలం చాలదు. మనం చేయబోయే పెద్ద భాగహారాలు పది దాటవు. ఈ సంఖ్య ఎలా పుట్టిందో మనకు తెలియడమే అందుకు కారణం, పుట్టుక తెలిస్తే అది లోపల ఎలా కట్టి ఉందో కూడా తెలుస్తుంది.

కావలసినవి గళ్ల నోటు పుస్తకం, పెన్ను. గళ్ల పుస్తకమే ఎందుకంటే, పెద్ద కూడికల్లో అంకెలు ఒక వరస పక్కకు జరిగితే మొత్తం పోతుంది. చిన్న గుణకారాలు సరిచూసుకోవడానికి క్యాలిక్యులేటర్ వాడుకోవచ్చు కానీ, పూర్తి సంఖ్యను మాత్రం దానికి అప్పగించకండి. మామూలు స్ప్రెడ్‌షీట్‌లు 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తాయి. మనకు కావలసింది సరిగ్గా ఆ చివరి అంకెలే.

దశ 1: మొత్తాన్ని పొట్టిగా రాయండి

1 + 2 + 4 + 8 + … అని 64 పదాలు కూడాల్సిన పని లేదు. పక్కింటి నుంచి ఒక గింజ అప్పు తెచ్చి మొదటి గడిలో వేయండి. అక్కడ రెండు గింజలయ్యాయి. ఆ రెండూ తీసుకెళ్లి రెండో గడిలోని రెండుతో కలిపితే నాలుగు. ఆ నాలుగూ మూడో గడిలోని నాలుగుతో కలిస్తే ఎనిమిది. ఇలా ప్రతి గడిలోనూ అక్కడ ఉన్నన్ని గింజలే మన చేతిలోనూ ఉంటాయి. 64వ గడిలో 2⁶³ గింజలుంటాయి, చేతిలో ఇంకో 2⁶³ ఉంటాయి. కలిపితే 2⁶⁴. ఇప్పుడు పక్కింటివాళ్ల గింజ తిరిగి ఇచ్చేయండి:

మొత్తం = 2⁶⁴ − 1

గుణశ్రేఢి సూత్రంతోనూ ఇదే వస్తుంది కానీ, అప్పు గింజ లెక్క ఒకసారి చేస్తే ఇక మర్చిపోలేరు.

ద్విసంఖ్యామానంలో రాస్తే ఇది వరసగా 64 ఒకట్లు. అందుకే 64 బిట్లలో రుణ సంఖ్యలు లేకుండా కంప్యూటర్ దాచుకోగల అతి పెద్ద పూర్ణాంకం కూడా ఇదే. ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ లూకా 1883లో హనోయి గోపురం అనే ఆట బయటికి తెచ్చాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద పెద్ద నుంచి చిన్నకు పేర్చిన బిళ్లలు. దానితోపాటు ప్రచారంలోకి వచ్చిన కథలో కాశీ గుడిలో 64 బంగారు బిళ్లలుంటాయి. అవన్నీ ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చడానికి కనీసం ఎన్ని కదలికలు కావాలంటే, సరిగ్గా మన సంఖ్యే. క్షణానికి ఒక కదలిక చొప్పున 58,000 కోట్ల సంవత్సరాలకు పైనే పడుతుంది. లూకా పేరు గుర్తుంచుకోండి, ఎనిమిదో దశలో ఆయన సాయం కావాలి.

దశ 2: అంకెలు రాబట్టండి

రెండును 64 సార్లు హెచ్చించక్కర్లేదు, వర్గం చేసుకుంటూ పోతే చాలు. 2⁴ = 16. దాని వర్గం 2⁸ = 256. దాని వర్గం 2¹⁶ = 65536. దాని వర్గం 2³² = 4294967296. ఇంకొక్కసారి వర్గం చేస్తే 2⁶⁴.

ఈ చివరి వర్గమే కొంచెం బరువైన పని. 4294967296ను మధ్యలో విరగ్గొట్టి 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. మొదటి ముక్క లక్షల స్థానంలో ఉంది కాబట్టి మనకు తెలిసిన సూత్రమే సరిపోతుంది: మొదటిదాని వర్గం, రెండింటి లబ్ధానికి రెట్టింపు, రెండోదాని వర్గం.

42949² అంటే 43000లో 51 తక్కువ. 1849000000 − 4386000 + 2601 = 1844616601.

2 × 42949 × 67296 = 85898 × 67296 = 5780591808.

67296² అంటే 67300లో 4 తక్కువ. 4529290000 − 538400 + 16 = 4528751616.

మొదటిదానికి పది సున్నాలు, రెండోదానికి ఐదు సున్నాలు చేర్చి మూడూ కూడండి:

18446166010000000000
+ 578059180800000
+ 4528751616
= 18446744073709551616

ఒకటి తీసేస్తే 18446744073709551615. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. చదవాలంటే 1,84,467 కోటి కోట్ల, 44,07,370 కోట్ల, 95,51,615.

దశ 3: పద్యంతో సరిచూసుకోండి

ఇది తెలుగువాళ్లకు మాత్రమే దొరికే సౌకర్యం. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరుతో ఒక చంపకమాల ప్రసిద్ధంగా ఉంది. చదరంగం గళ్లలో రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే మొత్తం ఎంతో ఆ పద్యం చెబుతుంది. అంకెల పేర్లతో కాదు, భూతసంఖ్యలతో, అంటే ఒక్కో అంకెకు లోకంలో అన్నే ఉన్న వస్తువు పేరు పెట్టి:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు

విప్పేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. సంధులు విడదీయాలి: వియన్నగాగ్ని అంటే వియత్, నగ, అగ్ని అని మూడు మాటలు, గగనాబ్ధి అంటే గగన, అబ్ధి అని రెండు. ఇక రెండోది, అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ముందు వచ్చే మాట ఒకట్ల స్థానం.

శరం మన్మథుడి బాణం కాబట్టి 5. శశి 1. షట్కం 6. చంద్రుడు 1. శరం 5, సాయకమన్నా బాణమే, 5. రంధ్రాలు 9. వియత్ అంటే ఆకాశం, 0. నగాలు 7, అగ్నులు 3, భూధరాలు 7, గగనం 0. అబ్ధులు 4, వేదాలు 4. గిరులు 7. తర్కాలు 6. పయోనిధులు 4. పద్మజుడి ఆస్యాలు, అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజరాలు దిగ్గజాలు కాబట్టి 8. తుహినాంశుడు మళ్లీ చంద్రుడే, 1.

వరసగా 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1. చివరి నుంచి మొదటికి రాసుకుంటే మన కాగితం మీది 20 అంకెలూ వస్తాయి.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఛందస్సు చేసే కాపలా. వట్టి అంకెలను తాటాకు మీద నకలు తీసేటప్పుడు ఒకటి తప్పుగా పడితే కనిపెట్టడం కష్టం. ఇక్కడ మాట ఎగిరిపోయినా, గురులఘువులు కుదరని మాట వచ్చినా పద్యం నడక చెడిపోతుంది. చదివేవాడి చెవికి అది వెంటనే తగులుతుంది.

దశ 4: 9తోనూ 11తోనూ తనిఖీ చేయండి

పద్యం లేని సంఖ్యలకు పనికొచ్చే తనిఖీ కూడా నేర్చుకోవాలి. అంకెలన్నీ కూడండి. మొత్తం 87. దాన్ని మళ్లీ కూడితే 15, మళ్లీ కూడితే 6. అంటే 9తో భాగిస్తే శేషం 6 రావాలి. నిజంగా అలా రావాలో లేదో విడిగా చూద్దాం. 2 యొక్క ఘాతాలను (2, 4, 8, 16…) 9తో భాగిస్తూ పోతే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరు మెట్లకు ఒకసారి తిరిగి వస్తాయి. 64లో 60 పోగా 4 మిగిలింది, నాలుగో శేషం 7. అందులోంచి 1 తీస్తే 6. సరిపోయింది.

ఇది ఒక్కటే చాలదు. నేను మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు మధ్య పదానికి ఐదు సున్నాలకు బదులు నాలుగే పెట్టాను. అంకెల మొత్తం తనిఖీలో ఆ తప్పు బయటపడలేదు. కారణం ఆలోచిస్తే తేలికే. ఒక సంఖ్యను పదితో హెచ్చించినా 9తో వచ్చే శేషం మారదు. అందుకే సున్నా తేడా దానికి కనబడదు. 11తో అయితే అలా కాదు, ఒక స్థానం జరిగితే గుర్తు తారుమారవుతుంది.

కుడి నుంచి మొదలుపెట్టి ఒక అంకె కలుపుతూ, తర్వాతిది తీసేస్తూ పోండి: 5 − 1 + 6 − 1 + 5 − 5 + 9 − 0 + 7 − 3 + 7 − 0 + 4 − 4 + 7 − 6 + 4 − 4 + 8 − 1 = 37. 11తో భాగిస్తే శేషం 4. ఇటువైపు, 2¹⁰ అంటే 1024ను 11తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి 2⁶⁴ శేషం 2⁴ శేషమే, అంటే 5. ఒకటి తీస్తే 4. రెండు తనిఖీలూ కలిసి చేస్తే చేతి పొరపాట్లలో చాలా భాగం దొరికిపోతాయి.

దశ 5: శేషాల చక్రాన్ని గమనించండి

ఇప్పుడు చేసిన పనిలోనే అసలు తాళంచెవి ఉంది. ఏ బేసి ప్రధాన సంఖ్యతో భాగించినా 2 యొక్క ఘాతాల శేషాలు చక్రంలా తిరుగుతాయి, 1 రాగానే మళ్లీ మొదటికొస్తాయి.

7తో: 2, 4, 1. చక్రం పొడవు 3. 64లో 63 పోగా 1 మిగిలింది, శేషం 2, ఒకటి తీస్తే 1. భాగం పోలేదు.

17తో: 2, 4, 8, 16, 15, 13, 9, 1. పొడవు 8. 64ను 8 సరిగ్గా భాగిస్తుంది కాబట్టి 2⁶⁴ శేషం 1, ఒకటి తీస్తే సున్నా. 17 మన సంఖ్యకు కారణాంకమే.

అంటే ఒక ప్రధాన సంఖ్య మన 20 అంకెల సంఖ్యను భాగించాలంటే దాని చక్రం పొడవు 64ను భాగించి తీరాలి. పొడవు 2, 4, 8, 16, 32, 64లలో ఏదో ఒకటి కావాలి. 3కి పొడవు 2, 5కి పొడవు 4, 17కు 8. 13 చక్రం పొడవు 12, అది 64ను భాగించదు కాబట్టి 13ను మర్చిపోవచ్చు. 20 అంకెలను దేనితోనూ భాగించకుండానే ఇంత తేలింది.

దీనితోపాటు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా చెప్పిన చిన్న సిద్ధాంతం అవసరం: చక్రం పొడవు ఎప్పుడూ ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన సంఖ్యను భాగిస్తుంది. 17కు పొడవు 8, అది 16ను భాగిస్తోంది. 7కు పొడవు 3, అది 6ను భాగిస్తోంది. ఇది ఒక మూల రాసి పెట్టుకోండి.

దశ 6: ఆరు ముక్కలు చేయండి

స్కూల్లో నేర్చుకున్న వర్గాల భేదం ఇప్పుడు పనికొస్తుంది. 2⁶⁴ అంటే 2³² వర్గం. కాబట్టి 2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1). కుడివైపు ముక్కను మళ్లీ అలాగే విడగొట్టండి, దాని కుడి ముక్కను మళ్లీ. చివరికి 2 − 1 = 1 మిగిలి ఆగుతుంది:

(2 + 1) × (2² + 1) × (2⁴ + 1) × (2⁸ + 1) × (2¹⁶ + 1) × (2³² + 1)
= 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇవి ఫెర్మా సంఖ్యలు. వీటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు. ఒకదాన్ని భాగించే ప్రధాన సంఖ్య చక్రం పొడవూ, ఇంకొకదాన్ని భాగించేదాని పొడవూ వేర్వేరు కాబట్టి ఒకే ప్రధాన సంఖ్య రెండు చోట్ల కనబడే వీలు లేదు.

3, 5, 17 ప్రధాన సంఖ్యలని తెలిసిందే. 257ను 2, 3, 5, 7, 11, 13లతో నోటిలెక్కలోనే చూసేయండి, ఏదీ పోదు. 17 వర్గం 289 దాటిపోయింది కాబట్టి ఇక చూడక్కర్లేదు.

65537 వర్గమూలం సుమారు 256. మామూలుగా అయితే 256 లోపు 54 ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. చక్రం సంగతి తెలిశాక అంత పని లేదు. ఏదైనా ప్రధాన సంఖ్య 2¹⁶ + 1ను భాగిస్తే, 2¹⁶ శేషం −1 అవుతుంది. అప్పుడు చక్రం 32వ మెట్టు దగ్గరే పూర్తవుతుంది, అంతకు ముందు కాదు. పొడవు 32 కాబట్టి ఆ ప్రధాన సంఖ్య 32 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. 256 లోపు అలాంటివి 33, 65, 97, 129, 161, 193, 225. వీటిలో ప్రధాన సంఖ్యలు 97, 193 మాత్రమే.

65537 ÷ 97: శేషం 62.
65537 ÷ 193: శేషం 110.

రెండే భాగహారాలతో 65537 ప్రధాన సంఖ్య అని తేలిపోయింది.

దశ 7: ఫెర్మా ఆగిన చోటు దాటండి

ఇక మిగిలింది 4294967297. ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనన్న నమ్మకాన్ని ఫెర్మా 1640లో ఉత్తరాల్లో రాశాడు. మనం పైన వాడిన చిన్న సిద్ధాంతం కూడా అదే సంవత్సరం ఆయన ఉత్తరంలోనే ఉంది. అంటే ఈ సంఖ్యను విడగొట్టే పనిముట్టు ఆయన చేతిలోనే ఉందన్నమాట. గణిత చరిత్రలో ఇది చదివినప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది. ఐదే ఐదు ప్రయత్నాల దూరంలో ఆగిపోయాడు. 92 ఏళ్ల తర్వాత, 1732లో ఆయిలర్ ఆ నమ్మకం తప్పని చూపించాడు.

ఆ ఐదు ప్రయత్నాలూ చేద్దాం. ముందు చెప్పుకున్న తర్కమే: 2³² శేషం −1 కావాలి, కాబట్టి చక్రం పొడవు సరిగ్గా 64, కాబట్టి మనం వెతికే ప్రధాన సంఖ్య 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641… వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641.

పది అంకెల సంఖ్యను భాగించే శ్రమ కూడా అక్కర్లేదు. 65536ను భాగించి శేషం తీసుకోండి, ఆ శేషాన్ని వర్గం చేయండి, మళ్లీ భాగించండి, ఒకటి కలపండి.

193: 65536 శేషం 109. 109² = 11881, శేషం 108. ఒకటి కలిపితే 109. పోలేదు.

257: ఇది ముందే ఇంకో ముక్కగా వచ్చేసింది, ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి వదిలేయండి.

449: 65536 శేషం 431, అంటే −18 అనుకోవచ్చు. వర్గం 324. ఒకటి కలిపితే 325. పోలేదు.

577: 65536 శేషం 335. 335² = 112225, శేషం 287. ఒకటి కలిపితే 288. పోలేదు.

641: 65536 శేషం 154. 154² = 23716. 641 × 37 = 23717. ఒక్కటే తక్కువ! శేషం −1, ఒకటి కలిపితే సున్నా.

దీన్ని చదివి వదిలేయకండి, ఈ ఒక్క వరస మీ చేత్తో వేసి చూడండి. భాగిస్తే 4294967297 = 641 × 6700417. సరిచూడటానికి 6700417ను 600తో, 40తో, 1తో హెచ్చించి కూడితే చాలు.

ఇదే విషయాన్ని భాగహారమే లేకుండా చూపే దారి కూడా ఉంది. 641 అంటే 5 × 2⁷ + 1, అదే 641 మళ్లీ 5⁴ + 2⁴ కూడా. మొదటిదాని ప్రకారం 641తో భాగిస్తే 5 × 2⁷ శేషం −1, నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³² శేషం 1, అంటే 2³² + 1 శేషం సున్నా.

దశ 8: 6700417 ప్రధాన సంఖ్యేనా?

ఇక్కడ లూకా వస్తాడు. 6700417 వర్గమూలం సుమారు 2588. అంతదాకా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్యలన్నీ చూస్తే పని అయిపోతుంది. కానీ 1870ల చివర్లో లూకా ఈ జల్లెడ కన్నాలను ఇంకా సన్నం చేశాడు: 64 కాదు, 128 గుణిజం కంటే ఒకటి ఎక్కువ కావాలి.

ఎందుకో చూడండి. 2⁸ × (2¹⁶ − 1) అనే సంఖ్య తీసుకుని వర్గం చేద్దాం. 2¹⁶ × (2³² + 1 − 2¹⁷) వస్తుంది. 2³² + 1ను భాగించే ప్రధాన సంఖ్యతో భాగిస్తున్నాం కాబట్టి ఆ భాగం సున్నా. మిగిలింది −2³³, అంటే −2 × 2³². 2³² శేషం −1 కాబట్టి మొత్తం శేషం 2. అంటే వర్గం చేస్తే శేషం 2 ఇచ్చే సంఖ్య ఒకటి దొరికింది. 2 యొక్క చక్రం పొడవు 64 అయితే, దాని వర్గమూలం చక్రం పొడవు 128. పొడవు 128 అయితే ప్రధాన సంఖ్య 128 గుణిజం కంటే ఒకటి ఎక్కువ. ఈ పేరా మొదటిసారి పూర్తిగా అందకపోయినా ఆగిపోకండి, ఫలితం వాడుకుని ముందుకెళ్లి తర్వాత తిరిగి రండి.

2588 లోపు అలాంటి సంఖ్యలు 20 ఉన్నాయి. వాటిలో ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. 257 ఎలాగూ కాదు. మిగిలిన నాలుగింటితో భాగించండి:

641తో శేషం 44. 769తో శేషం 120. 1153తో శేషం 334. 1409తో శేషం 622.

ఏదీ పోలేదు, కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య. పూర్తి రూపం ఇది:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కొక్కటి ఒక్కసారే.

దశ 9: విప్పిన సంఖ్య నుంచి ఏమేం తెలుస్తాయో రాసుకోండి

దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు ఎన్ని? ఏడు ప్రధాన సంఖ్యల్లో ప్రతిదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో, రెండే దారులు. 2⁷ = 128. ఏ సంఖ్య వర్గమూ (1 తప్ప) దీన్ని భాగించదు.

ఆ 128 సంఖ్యలనూ కూడితే ఎంత? ప్రతి ప్రధాన సంఖ్యకూ ఒకటి కలిపి హెచ్చించాలి: 4 × 6 × 18 × 258 × 642 × 65538 × 6700418 = 31421980989189888768. అసలు సంఖ్యకు ఇది సుమారు 1.703 రెట్లు. పరిపూర్ణ సంఖ్య కావాలంటే సరిగ్గా రెండు రెట్లు ఉండాలి. కాబట్టి ఇది న్యూన సంఖ్య. ఇది నాకు అంత పెద్ద సంగతిగా అనిపించదు, గుణకారం సాధనకు మాత్రం బాగుంటుంది.

అంతకంటే అందమైనది మొదటి ఐదు ముక్కల్లో ఉంది. 3 × 5 × 17 × 257 × 65537 = 4294967295, అంటే 2³² − 1. గౌస్ 1796లో, ఇరవై కూడా నిండకముందే, స్కేలు, వృత్తలేఖినితో 17 సమాన భుజాల బహుభుజిని గీయొచ్చని నిరూపించాడు. అలా గీయగల బేసి భుజాల బహుభుజుల్లో మనకు తెలిసినవన్నీ ఈ ఐదు ప్రధాన సంఖ్యల నుంచే వస్తాయి. ఐదింటిలో కొన్నింటిని ఎంచుకునే దారులు 32, ఏదీ ఎంచుకోనిది తీసేస్తే 31. సమబాహు త్రిభుజం నుంచి 4294967295 భుజాల బహుభుజి దాకా 31 ఆకారాలు. చదరంగం బల్ల మీద మొదటి సగంలో, అంటే మొదటి 32 గళ్లలో, ఉన్న గింజల మొత్తం కూడా ఇదే.

దశ 10: పక్క సంఖ్య మీద ప్రయత్నించండి

ఇప్పుడు మన సంఖ్యకు రెండు కలపండి: 18446744073709551617, అంటే 2⁶⁴ + 1. ఫెర్మా వరసలో ఇది తర్వాతి సంఖ్య. ఇదే జల్లెడ ఇక్కడా పని చేస్తుంది, కారణాంకాలు 256 గుణిజం కంటే ఒకటి ఎక్కువైన సంఖ్యల్లోనే ఉండాలి. తేడా ఏమిటంటే 641 ఐదో ప్రయత్నంలో దొరికింది, ఇక్కడ 256ను 1071తో హెచ్చించేదాకా వెళ్లాలి. ఫోర్తునే లాండ్రి అనే ఫ్రెంచివాడు 1880లో, 82 ఏళ్ల వయసులో, దాన్ని పట్టుకున్నాడు. ఆ సంఖ్య 274177.

వెతికే శ్రమ ఆయన పడ్డాడు కాబట్టి మనకు సరిచూడటమే మిగిలింది. 4294967296ను 274177తో భాగిస్తే శేషం 258768, అంటే −15409 అనుకోండి. దాని వర్గం 15409² = 237437281. ఇప్పుడు 274177ను 866తో హెచ్చించి, ఈ వర్గం పక్కన పెట్టి చూడండి.